‘పదిసార్లు చదివినా పరీక్షలో గుర్తు రావడం లేదు.. మా అమ్మాయి బుర్ర మందమా?’

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ఆత్రేయపురం దగ్గర పల్లెటూరండి. ఇంట్లోనే పూతరేకులు చేస్తాను. మా అమ్మాయికి 15 ఏళ్లు, పదో తరగతి చదువుతోంది. తెల్లవారుజామున 4 గంటలకే లేస్తుంది, రాత్రి 11 దాటేదాకా పుస్తకం వదలదు. ఒకే పాఠాన్ని పదిసార్లు చదువుతుంది, గైడులో ప్రతి లైనుకీ రంగు పెన్నుతో గీతలు పెడుతుంది. అడిగితే ‘అంతా వచ్చేసిందమ్మా’ అంటుంది. తీరా స్లిప్ టెస్టులో సగం కూడా రాయలేకపోతోంది. ట్యూషన్ మాస్టారు అందరి ముందూ నిలబెట్టి ‘దీని బుర్ర మందం’ అన్నారట. ఆ రోజు నుంచి తిండి కూడా సరిగా తినడం లేదు. నీరసంగా ఉంటోంది, మెట్లెక్కితే ఆయాసం అంటోంది. తలకి స్కానింగ్ తీయించమంటారా? జ్ఞాపకశక్తికి టానిక్ ఏదైనా వాడమంటారా? నేను చదివింది ఐదో తరగతి వరకే, దానికి పాఠాలు చెప్పలేనండి. – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి మీ అమ్మాయి మెదడులో లోపం ఉందనుకోవడానికి నాకు కారణమేమీ కనిపించడం లేదు. స్కానింగ్ అక్కర్లేదు. టానిక్ కూడా వద్దు. పాఠాన్ని తలలో నిలబెట్టే మందు సీసాలో దొరకదు. ఆ డబ్బుతో పాపకి గుడ్లు, పప్పు, ఆకుకూరలు కొనండి. నా దృష్టి పడింది ఆమె చదివే తీరు మీద, నిద్ర మీద. రక్తం కూడా తక్కువగా ఉందేమోనని అనుమానం. దాని సంగతి తర్వాత చెబుతాను.

మీరు రేకు తీయడం ఎలా నేర్చుకున్నారో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. మీ అమ్మగారో అత్తగారో తీస్తుంటే పక్కన కూర్చుని ఎన్నో రోజులు చూసే ఉంటారు. బోర్లించిన కుండ, కింద మంట, పాలలా పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డ. దాన్ని కుండ మీద ఒక్క లాగు లాగితే క్షణంలో తెల్లటి పొర లేస్తుంది. చూస్తున్నంతసేపూ ‘ఓస్, ఇంతేనా’ అనిపిస్తుంది. గుడ్డ మీ చేతికి వచ్చిన రోజున రేకు చిరిగి ఉంటుంది, లేదా కుండకి అంటుకుపోయి ఉంటుంది. మంట ఎక్కువైందని, పిండి చిక్కబడిందని అప్పుడు తెలిసింది. మళ్లీ ముంచారు, మళ్లీ లాగారు. చిరిగిన రేకులే మీకు పని నేర్పాయి.

మీ అమ్మాయి చదువులో లేనిది ఆ చిరగడమే. పుస్తకం ఎదురుగా పెట్టుకుని పదోసారి చదువుతుంటే ప్రతి లైనూ తెలిసిన మొహంలా పలకరిస్తుంది. ఎక్కడా ఏదీ చిరగదు, తనకి రానిదేదో తెలియదు. రావులపాలెం బస్టాండులో ఎవరో ఎదురైతే ‘ఈయన్ని ఎక్కడో చూశానే’ అనుకుంటాం, పేరు మాత్రం నోటికి రాదు. మొహం గుర్తుపట్టడం వేరు, పేరు గుర్తుకు తెచ్చుకోవడం వేరు. చదివిందే చదవడం మొదటిదాన్ని పెంచుతుంది, పరీక్షలో కావలసింది రెండోది. కాబట్టి ‘అంతా వచ్చేసింది’ అన్నప్పుడు ఆ పిల్ల మీకు అబద్ధం చెప్పడం లేదమ్మా. తనకి నిజంగానే అలా అనిపిస్తోంది.

దీన్ని పరీక్షించి చూశారు కూడా. అమెరికాలో రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన పరిశోధన ఇది. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. ఇంకొందరు ఒక్క విడతే చదివి, మిగతా మూడు విడతలూ పాఠం చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచేయి. వాళ్లకి 83 శాతం గుర్తుంది, రాసినవాళ్లకి 71. వారం తర్వాత పెడితే తిరగబడింది. చదివినవాళ్లకి మిగిలింది 40 శాతం, చూడకుండా రాసినవాళ్లకి 61. ‘మాకు బాగా గుర్తుంటుంది’ అని ముందే ఎక్కువ ధీమాగా ఉన్నది మాత్రం నాలుగుసార్లు చదివినవాళ్లే.

నాకూ ఇది అనుభవమే. ఎంబీబీఎస్ మొదటి ఏడాది భుజం దగ్గరి నరాల అల్లికను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. మౌఖిక పరీక్షలో బొమ్మ గీయమంటే చెయ్యి కదల్లేదు. హాస్టల్‌కి వచ్చి ఏడుస్తుంటే సీనియర్ అక్క ఒకావిడ తెల్లకాగితం చేతిలో పెట్టి, పుస్తకం తన దగ్గర ఉంచుకుంది. ‘వచ్చినంత గియ్యి, తప్పయితే అప్పుడు చూద్దాం’ అంది. వారంలో ఆరేడు కాగితాలు పాడుచేశాను. ఆ బొమ్మ ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా గీస్తాను.

కొత్త విషయం నేర్చుకున్నప్పుడు నరకణాల మధ్య అతుకులు బలపడతాయి, కొన్నిచోట్ల కొత్తవి మొలుస్తాయి. 2000లో నోబెల్ అందుకున్న ఎరిక్ కాండెల్ దీన్ని సముద్రపు నత్తలో చూపించారు. దానికి ఒక్కసారి చిన్న షాక్ ఇస్తే కాసేపట్లో మరిచిపోయింది. వ్యవధి ఇస్తూ పదే పదే ఇస్తే రోజుల తరబడి గుర్తుపెట్టుకుంది, నరకణాల మధ్య అతుకులు కొత్తగా పెరిగాయి. ఆ పెరుగుదలకి కణంలో ప్రోటీన్లు తయారవ్వాలి, దానికి సమయం పడుతుంది. ఒక్క రాత్రిలో పదిసార్లు తోస్తే ఆ సమయం దొరకదు.

ఇప్పుడు మీ పని. పాఠం చెప్పలేనన్నారు. చెప్పక్కర్లేదు, అప్పజెప్పించుకోండి. వెనకటికి సాయంత్రం దీపం పెట్టాక అరుగు మీద పిల్లల్ని కూర్చోబెట్టి ఎక్కాలు, పద్యాలు అప్పజెప్పించుకునేవారే, అదే. పుస్తకం మూసి తనలోంచి తీసి మీ చేతికి అప్పగించడమే అప్పజెప్పడం. మెదడుకి అంతకు మించిన కసరత్తు నాకు తెలియదు. కాకపోతే అక్షరం పొల్లుపోకుండా బట్టీ వద్దు. మీరు రేకులు మడత పెడుతూనే ‘ఇవాళ సైన్సులో ఏం చెప్పారే?’ అనండి. తన మాటల్లో చెప్పనివ్వండి. మీకు అర్థం కాకపోతే ‘అదెందుకలా?’ అని అడగండి. మీకు తెలియకపోవడం ఇక్కడ మంచిదే. తెలియని మనిషికి అర్థమయ్యేలా చెప్పాలంటే పిల్ల పాఠాన్ని విడదీసి చూసుకోవాలి. ఎక్కడ ఆగిందో అక్కడ పుస్తకం తెరిచి, ఆ ముక్కే చదివి, మళ్లీ మూసి చెప్పాలి. గుర్తుకు రావడానికి కాసేపు సతమతమైతే కంగారుపడి అందించకండి. ఆ వెతుకులాటలోనే నేర్పు ఉంది.

అదే పాఠాన్ని మర్నాడు ఒకసారి, నాలుగైదు రోజులకి ఒకసారి, రెండు వారాలకి ఇంకోసారి అడగండి. సరిగ్గా ఇన్ని రోజులే అన్న లెక్కేమీ లేదు, మధ్యలో కొంచెం మరిచిపోయే ఎడం ఉండాలి. లెక్కలైతే ఒకే రకం ఇరవై చేసేకన్నా మూడు నాలుగు రకాలు కలిపి చేయించమనండి. ఏ లెక్కకి ఏ సూత్రమో ఎంచుకోవడం పరీక్షలో తనే చేసుకోవాలి కదా. రంగు పెన్ను గీతల వల్ల ఒరిగేది చాలా తక్కువ.

ఆ మాస్టారితో మీరు గాని, పాప నాన్నగారు గాని నెమ్మదిగా మాట్లాడండి. ప్రశ్నలు అడగడం మంచి పద్ధతే, ఎన్ని అడిగితే అంత మేలు. కానీ అందరి ముందూ నిలబెట్టి పరువు తీస్తే భయమే బుర్రంతా ఆక్రమిస్తుంది. అప్పటికప్పుడు తలలో పట్టి ఉంచుకోగలిగేవి ఎవరికైనా దాదాపు నాలుగు విషయాలే. మనం పుంజీ అంటామే, అంత. అందులో ‘అందరూ నవ్వుతారు’ అన్న టెన్షన్ చోటు తీసుకుంటే ఇక జవాబుకి చోటెక్కడిది? పైగా భయంలో విడుదలయ్యే కార్టిసాల్ అనే హార్మోను వచ్చినదాన్ని కూడా గుర్తుకు రానివ్వదు. కొత్త పాఠం కూడా పుంజీకి మించకుండా ముక్కలు చేసి చెప్పి, ఒక్కో ముక్క తర్వాత అందరి చేతా కాగితం మీద రాయించి, మార్కులు వేయకుండా తప్పులు అక్కడికక్కడే దిద్దమనండి. ‘మందం’ అన్న మాట మాత్రం ఏ పిల్ల విషయంలోనూ వాడవద్దని గట్టిగానే చెప్పండి. వైద్యురాలిగా చెబుతున్నాను, అది రోగ నిర్ధారణ కాదు, గాయం.

ఇక నిద్ర. హెన్రీ మోలేసన్ అనే అమెరికా వ్యక్తికి 1953లో మూర్ఛ తగ్గించడానికి ఆపరేషన్ చేసి, మెదడులో రెండు వైపులా హిప్పోక్యాంపస్ అనే భాగాన్ని చాలావరకు తీసేశారు. ఆ తర్వాత ఆయనకి కొత్త సంగతి ఏదీ నిలవలేదు. రోజూ చూసే డాక్టరే కొత్తగా కనిపించేవారు. విచిత్రంగా చేతిపని మాత్రం వచ్చేది. అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ వెంట గీయడం రోజురోజుకీ మెరుగైంది, నిన్న గీసిన సంగతి మాత్రం గుర్తులేదు. అంటే మీ రేకు నేర్పూ, మీ అమ్మాయి పాఠమూ మెదడులో ఒకే దారిన పోవు. పాఠానికి హిప్పోక్యాంపస్ కావాలి. పగలు అది పట్టుకున్నదాన్ని రాత్రి గాఢనిద్రలో మళ్లీ మళ్లీ నెమరు వేసి పదిలం చేస్తుంది. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. మీ అమ్మాయికి దక్కుతున్నది 5. పగలంతా చదివినది తలలోకి ఇంకే వేళకే లేచిపోతోందన్నమాట. రాత్రి 10కి దీపం ఆర్పి, పొద్దున 6కి లేపండి. ఫోను వేరే గదిలో పెట్టండి. నాలుగింటికి లేవకపోతే వెనకబడిపోతుందని ఇరుగుపొరుగు అంటారు, పట్టించుకోకండి.

నీరసం, మెట్లెక్కితే ఆయాసం అన్నారు. ఈ వయసు ఆడపిల్లల్లో నెలసరి వల్ల, తిండి చాలక ఐరన్ తగ్గి రక్తహీనత రావడం మన దగ్గర చాలా మామూలు. ఐరన్ తగ్గితే ధ్యాస కూడా నిలవదు. దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ చూపించండి. 12 గ్రాములు ఉండాలి. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర వేసుకుంటోందా, పారేస్తోందా అడగండి. భోజనం చేశాక వేసుకోవాలి, వెంటనే టీ తాగకూడదు. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉందేమో మీరే మెల్లగా కనుక్కోండి. ఎలాగూ వెళ్తారు కాబట్టి కంటి చూపు, థైరాయిడ్ కూడా చూపించండి.

మాట్లాడుతూ మాట్లాడుతూ కొన్ని క్షణాలు శిలలా ఆగి శూన్యంలోకి చూడటం, చిన్నప్పటి నుంచీ అక్షరాలు కూడబలుక్కుని చదవడం, తరచూ తలనొప్పితో వాంతులు ఉంటే డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. తిండి తగ్గిందన్నారు కదా, రెండు వారాలు దాటినా అలాగే ఉన్నా, ఎవరితో మాట్లాడకుండా మూల కూర్చున్నా ఆలస్యం చేయవద్దు. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ కౌన్సెలర్లు ఉచితంగా మాట్లాడతారు. ‘చచ్చిపోతాను’ అన్న మాట నోట వస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఒంటరిగా వదలకండి.

హిమోగ్లోబిన్ రిపోర్టు వచ్చాక మళ్లీ రాయండి. 8 కన్నా తక్కువ ఉంటే మాత్రం నా జవాబు కోసం ఆగకుండా అదే రోజు పెద్దాసుపత్రిలో చూపించండి.