బంతి నొక్కుతున్నా పిడికిలి తెరుచుకోవట్లేదంటే

స్ట్రోక్ (పక్షవాతం) వచ్చిన మీ నాన్నగారు రోజూ బంతి నొక్కుతున్నా పిడికిలి ఇంకా బిగుసుకుంటోందన్నారు కదా, ఆ బంతి మీదే నాకు అనుమానం. స్ట్రోక్ తర్వాత చాలామందిలో వేళ్లు ముడిచే కండరాలు ముందే బిగుసుకుని ఉంటాయి. సాధన కావాల్సింది తెరవడానికి. బంతి కొన్నాళ్లు పక్కన పెట్టండి.

1. ముంజేయి బల్ల మీద ఆనించి, చెయ్యి అంచు దాటి వేలాడేలా మణికట్టును మెల్లగా కిందికి వంచండి. వేళ్లు వాటంతటవే కాస్త వదులవుతాయి. అందరూ వదిలేసేది ఇదే; నేరుగా వేలి కొనలు పట్టుకుని లాగేస్తారు.
2. బొటనవేలిని దాని మొదలు దగ్గర పట్టుకుని బయటికి తీయండి, తర్వాత మిగతావి.
3. అరచేయి బల్లకు ఆనించి కాసేపు ఉంచండి.
4. ఖాళీ ప్లాస్టిక్ గ్లాసు పట్టుకుని వదలమనండి. వదలడమే అసలు వ్యాయామం. సాయం పట్టండి గానీ, ఆయన బదులు మీరే చేసేయకండి.

చెయ్యి పట్టి లాగొద్దు, భుజం జారే ప్రమాదం ఉంది. నొప్పి, వాపు ఉంటే ఆపి ఫిజియోథెరపిస్టుకు చూపించండి.