పట్టాల పక్క ఇల్లు: కొత్త లైను వస్తోందంటే అమ్మేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇదీ: తాడేపల్లిగూడెంలో మీ ఇల్లు మెయిన్ లైను పక్కనే ఉంది. మూడో లైను కోసమంటూ ఎవరో వచ్చి కొలతలు వేసుకుని వెళ్ళారు. ఇల్లు పోతుందేమోనని మీ నాన్నగారికి టెన్షన్. ఇప్పుడే అమ్మేసుకుంటే నయమా అని అడుగుతున్నారు.

మాది భీమవరం–నిడదవోలు లైను మీద ఒక చిన్న టౌను. ఊరి పేరు రాయను, ఎవరు రాశారో ఇట్టే పట్టేస్తారు. విజయవాడ నుంచి గుడివాడ, భీమవరం మీదుగా నరసాపురం, నిడదవోలు దాకా, మచిలీపట్నం లైనుతో కలిపి 221 కిలోమీటర్లు డబ్లింగ్ చేసి, అంటే రెండో లైను వేసి, కరెంటు లైను కూడా వేశారు కదా, అందులో మా ముక్క పని మొత్తం మా పెరటి గోడ అవతలే జరిగింది. మా స్థలం ఒక్క గజం కూడా పోలేదు. అయినా నోటీసు వచ్చిన వాళ్ళకంటే మేమే ఎక్కువ తిరిగాం. నోటీసు వచ్చిన ఇంటికి చట్టం ఉంది, డబ్బు ఉంది. పక్కన ఉండిపోయిన ఇంటికి ఏమొస్తుందో ఎవరి పద్దులోనూ రాసి ఉండదు. మీరు ఇల్లు పోవడం గురించే అడిగారు కానీ, పోకపోతే ఏమవుతుందన్నది కూడా ఆలోచించాలి.

ముందు రైల్వే హద్దు ఎక్కడుందో చూసుకోండి. పాత లైన్లకు చాలాచోట్ల ఒక్క రైలు పట్టాకు సరిపడేకంటే ఎక్కువ స్థలమే తీసి ఉంచారు. మా దగ్గర రెండో పట్టా చాలా మేరకు ఆ స్థలంలోనే సరిపోయింది. చిక్కల్లా ఇన్నేళ్ళలో జనం మెల్లగా ముందుకు జరగడం వల్ల. మా వీధిలో ఒకాయన బాత్రూమ్ గోడలో రైల్వే హద్దురాయి కలిసిపోయి ఉంది. సర్వే వాళ్ళు సున్నం గీకితే బయటపడింది. ఆయనకే తెలియదు, కట్టింది వాళ్ళ నాన్న. కాబట్టి మండల సర్వేయర్ దగ్గర ఎఫ్‌ఎంబీ (స్థలం కొలతలు ఉండే సర్వే పటం) నకలు తీయించి, మీ దస్తావేజులో ఉన్న కొలతలతో సరిచూసుకోండి. రాయికి అవతల ఉన్న భాగానికి స్థలం డబ్బు రాదు, ఖాళీ చేయమనే అంటారు. అది ఇప్పుడే తెలిస్తే మీ నాన్నగారికి సగం టెన్షన్ తగ్గుతుంది, లేదా టెన్షన్ పడాల్సింది దేనికో తెలుస్తుంది.

మీ సొంత స్థలమే కావాల్సి వస్తే రెండు దారులున్నాయి. రైల్వే చట్టం కింద తీసుకుంటే, స్థలం తీసుకోబోతున్నామని చెప్పే 20ఏ సెక్షన్ నోటిఫికేషన్ వస్తుంది. దాని సారాంశం రెండు స్థానిక పేపర్లలో వేయాలి, అందులో ఒకటి తెలుగుది. అభ్యంతరం చెప్పడానికి 30 రోజులే గడువు. 2013 భూసేకరణ చట్టం కింద అయితే 60 రోజులు. అందుకే నోటీసులో ముందు ఏ చట్టమో చూడండి. 2013 చట్టంలో మార్కెట్ విలువ కట్టాక దాని మీద నూటికి నూరు సొలేషియం, అంటే మన ఇష్టంతో పని లేకుండా తీసుకుంటున్నందుకు ఇచ్చే అదనపు డబ్బు, ఉంటుంది. ఇంట్లో కొంత ముక్కే తీసుకుంటామంటే, ఇల్లు మొత్తం తీసుకోమని అడిగే హక్కు ఆ చట్టం 94వ సెక్షన్ ఇస్తుంది. వంటిల్లు పోయి హాలు మిగిలితే ఏం చేసుకుంటాం? మార్కెట్ విలువకు గత మూడేళ్ళ రిజిస్ట్రేషన్లు కూడా చూస్తారు. మన దగ్గర దస్తావేజులో తక్కువ రాయించుకునే అలవాటు ఉంది చూశారూ, అది ఇక్కడ వీధి మొత్తానికి ఎదురు తిరుగుతుంది.

ఇక నీళ్ళ సంగతి. నా లెక్కలో అన్నిటికంటే పెద్దది ఇదే.

మన డెల్టాలో నేల బల్లపరుపు. వాననీరు ఎటు పోవాలన్నా బోదెలు, తూములు, మురుగు కాలువలే దిక్కు. రైలు కట్ట అంటే ఊరికి అడ్డంగా వేసిన గట్టే. నల్లమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, కట్టకు పనికిరాదు. అందుకని మెట్ట నుంచి గ్రావెల్ టిప్పర్లలో తెచ్చి పోశారు. కట్ట వెడల్పయింది, పాత తూమును కూడా పొడిగించారు. కానీ మా వీధి నీళ్ళను ఆ తూము దాకా తీసుకెళ్ళే బోదె కొత్త కట్ట అడుగున పూడిపోయింది. వేసవిలో ఎవరికీ పట్టలేదు, బోదె ఎండిపోయి ఉంది కనుక. అక్టోబరు వానలకు ఒక రాత్రి తెల్లవార్లూ కురిసింది. పొద్దున్నే తలుపు తీస్తే వాకిట్లో పెట్టిన ఖాళీ గ్యాస్ బండ తేలుతూ గేటుకు టంగుటంగుమని కొట్టుకుంటోంది. లెట్రిన్‌లో నీళ్ళు దిగడం లేదు. మా అత్తగారిని పక్క వీధిలో మా ఆడపడుచు ఇంటికి పంపాం.

కాంట్రాక్టరు మనిషిని అడిగితే, “తూము పొడిగించాం కదా మేడం, డ్రాయింగులో ఉన్నది అంతే” అన్నాడు. బోదె ఎవరు తవ్వాలని అడిగితే ఊళ్ళో ఆఫీసు వైపు చూపించాడు. ఆ ఆఫీసులో, అది రైల్వే స్థలం, మేం పార దించకూడదు అన్నారు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు, అదే గమ్మత్తు. చివరికి వీధిలో ఆడవాళ్ళం అందరం కలిసి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల కార్యక్రమానికి వెళ్ళాం. ఫోన్లో తీసిన వీడియో చూపించాం. అర్జీ కంటే అదే పని చేసింది. తర్వాత రెండు పక్షాల వాళ్ళూ ఒకేసారి వచ్చి నిలబడి, జేసీబీతో కట్ట పొడవునా తూము దాకా కాలువ తీయించారు.

మీకు ఇంకా మట్టి పడలేదు. ఇప్పుడే మీ వీధి నీళ్ళు ఏ తూములోకి పోతున్నాయో వానలో నిలబడి చూడండి, తేదీ పడేలా ఫోటోలు తీయండి. తూము ఒక్కటే కాదు, దాని దాకా వెళ్ళే దారి కూడా ప్లానులో ఉందా అని రాతపూర్వకంగా అడగండి. మీ జిల్లా కేంద్రం ఇప్పుడు భీమవరమే కాబట్టి, 2022కి ముందులా ఏలూరు పరిగెత్తే పని కూడా లేదు.

తర్వాత గేటు. మాకు దగ్గర్లోని రైలు గేటు తీసేసి కింద నుంచి అండర్‌పాస్ ఇచ్చారు. వేసవిలో హాయిగా ఉంటుంది, నిజం చెప్పాలి. సింగిల్ లైను రోజుల్లో గేటు పడిందంటే ఎదురు బండి కూడా వెళ్ళేదాకా ఎండలో నిలబడి ఉండేవాళ్ళం. కానీ మన దగ్గర రెండు గునపాలు లోతు తవ్వితే నీరు పడుతుంది. అలాంటి చోట నేల కిందకి రోడ్డు దింపితే ఏమవుతుంది? వాన పడిందంటే మోటారు పెట్టి తోడాలి. కరెంటు పోతే మోటారూ ఉండదు. ఆ రోజుల్లో స్కూలు ఆటోలు ఊరంతా చుట్టి రావాలి. మిగిలిన గేటు దగ్గర కరెంటు తీగల కోసం ఎత్తు హద్దు కమ్మీ పెట్టారు, 4.67 మీటర్లు. కోతలయ్యాక వరిగడ్డి లోడుతో వచ్చే ట్రాక్టర్లు దాని ముందు ఆగిపోయి, పైన రెండు వరసలు దించుకుని మరీ వెళ్తాయి. మీ దగ్గర గేటు మూసే మాట వస్తే, దానికి జిల్లా యంత్రాంగం సమ్మతి అడుగుతారు. ఆ కాగితం కదలకముందే ఫ్లైఓవరా, అండర్‌పాసా, మోటారు ఎవరు నడపాలి అన్నవి తేల్చుకోండి.

చప్పుడు గురించి చాలామంది భయపెడతారు. నాకైతే అది అంత పెద్ద విషయం అనిపించలేదు. క్రాసింగ్ కోసం మా ఇంటి వెనక డీజిల్ ఇంజను గంటసేపు గుర్రుమంటూ ఆగి ఉండే బాధ పోయింది. గేటు పోవడంతో హారన్ కూడా తగ్గింది. పని జరిగినన్నాళ్ళే నరకం: దుమ్ము, రాత్రిపూట టిప్పర్లు, కట్టను అదిమే రోలరు. కాలువలు కట్టేసే వేసవిలో వంతెనల పని ముగించుకోవాలి కాబట్టి అప్పుడు రాత్రీ పగలూ ఉండదు. రోలరు తిరుగుతుంటే మా షోకేసులో గాజు గ్లాసులు గలగలలాడేవి. గోడ నెర్రె ఇస్తే, “ఇది నల్లమట్టికి ఏటా వచ్చే నెర్రేనండీ” అంటారు. అది కొంత నిజం కూడా, అందుకే వాదన నిలవదు. పని మొదలవకముందే ప్రతి గోడా ఫోటో తీసి పెట్టుకోండి.

మీది ఎప్పటి నుంచో కరెంటు లైను కాబట్టి 25,000 వోల్టుల తీగ మీకు కొత్త కాదు. అయితే కొత్త పట్టాతో పాటు ఆ తీగ మీ ఇంటికి ఇంకాస్త దగ్గరవుతుంది. పెరట్లో కొబ్బరిచెట్లు ఉంటే కొట్టేయమంటారు. ఇనుప దోటితో కాయలు కోసే అలవాటు ఇప్పుడే మానిపించండి.

ఇక అమ్మడం. పుకారు నడుస్తుండగా అమ్మితే కొనేవాడు ఆ పుకారునే చూపించి ధర విరుస్తాడు. 2013 చట్టం కింద ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చాక అయితే కలెక్టరు అనుమతి లేకుండా అమ్మకమే కుదరదు. పైగా రైల్వే హద్దుకు 30 మీటర్ల లోపు ఏది కట్టాలన్నా రైల్వే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) కావాలి. కొత్త పట్టాకు స్థలం తీసుకుంటే హద్దు మీ వైపు జరుగుతుంది, ఆ 30 మీటర్లూ జరుగుతాయి. మేడ మీద ఇంకో అంతస్తు ఆలోచన ఉంటే, ధర మీద ఆ దెబ్బ కూడా పడుతుంది.

నేనైతే హద్దు తేలేదాకా అమ్మను. ఇల్లు హద్దుకు బయట ఉండి, వీధి నీళ్ళకు దారి కూడా ఉంటే అసలు అమ్మను. నీళ్ళకు దారి లేకపోతే మాత్రం మంచి ధర వచ్చినప్పుడు ఇచ్చేస్తాను, ఎన్ని అర్జీలు పెట్టినా ఏటా వానాకాలం వస్తూనే ఉంటుంది కనుక. మీ ఇల్లు పట్టాలకు ఏ వైపు, గేటుకూ తూముకూ ఎంత దూరమో రాయండి. నాకు తోచింది చెప్తాను.