ఎనిమిది నెలలు వాడని పాత స్ప్లెండర్ స్టార్ట్ కావడం లేదు, మెకానిక్ ఇంజన్ దించాలంటున్నాడు. ఏం చేయమంటారు?

ముందు ఇంజన్ దించనివ్వకండి. నాలుగు కిక్కులు కొట్టి "బోరు పోయింది" అన్నాడని రాశారు, అంటే సిలిండర్ లోపల అరిగిపోయిందని. పెట్రోల్‌కి నిప్పురవ్వ అందించే స్పార్క్ ప్లగ్ విప్పినట్టు మాత్రం ఎక్కడా రాయలేదు. ప్లగ్ చూడకుండా బోరు సంగతి ఎవరూ చెప్పలేరు. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానో చెబుతాను, ఎందుకంటే నా బండికి కూడా సరిగ్గా ఇదే తీర్పు ఇచ్చారు.

మాది శ్రీకాకుళం జిల్లాలో కవిటి వైపు ఊరు. నాన్నగారి 2002 స్ప్లెండర్‌ను ఇప్పటికీ నేనే నడుపుతున్నాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. మా బండి ఉన్న పాక కూలి దానిమీదే పడింది. కరెంటు లేదు, ఫోన్ లేదు. నాలుగో రోజుకి కుర్రాళ్ళు చెట్లు నరికి బైకు పట్టేంత దారి చేశారు. అమ్మ బీపీ మాత్రలు అయిపోయాయి. సోంపేట వెళ్ళి తేవాలి. బండి మాత్రం పలకదు.

ఒకరి తర్వాత ఒకరు కిక్ కొట్టారు. గేర్‌లో వేసి వీధి చివరి దాకా తోశారు. ఆ దారిన వచ్చిన మెకానిక్ ఒకాయన కిక్ రాడ్‌ను చేత్తో ఊపి చూసి, పిస్టన్ రింగులు పోయాయి, ఇంజన్ దించాలి, నాలుగున్నర వేలు అవుతుంది అన్నాడు. మా ఇంటి పెంకులు ఎగిరిపోయి, రాత్రి పడుకోవడానికి చోటు లేని రోజులవి. నాలుగున్నర వేలు అనేసరికి అమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

అప్పుడు వచ్చాడు మా పెద్ద మావయ్య. చెల్లెలు ఎలా ఉందో చూద్దామని పక్క ఊరి నుంచి నడిచి వచ్చాడు. ఇరవై ఏళ్ళు రాజ్‌దూత్ బండి నడిపిన మనిషి. "ఆపండిరా, తన్నితే పలుకుతాదేటి? ముందు ప్లగ్గు ఇప్పండి, ఏటైందో అదే సెప్తాది" అన్నాడు.

బండి పక్క మూత (సైడ్ డూమ్) లోంచి ప్లగ్ పానా తీసి ఇచ్చాను. ప్లగ్ తడిగా వచ్చింది. మావయ్య దాన్ని వాసన చూశాడు. మొహం అదోలా పెట్టాడు గానీ ఏమీ అనలేదు. ప్లగ్‌ను మళ్ళీ క్యాప్‌లో గుచ్చి, ఇంజన్ హెడ్ లోహానికి ఆనించి, ఎండకి తువ్వాలు అడ్డం పెట్టి, కిక్ కొట్టమన్నాడు. నిప్పురవ్వ లేదు. క్యాప్‌ను వైరు నుంచి తిప్పి ఊడదీశాడు. లోపల రాగి తీగ పచ్చగా చిలుము పట్టి ఉంది. మా దగ్గర సముద్రపు గాలికి రాగి అలాగే అయిపోతుంది. కత్తితో పావు అంగుళం వైరు కోసేసి, మెరిసే రాగి కనబడ్డాక క్యాప్ తిరిగి బిగించాడు. ఈసారి కిక్ కొడితే నీలంగా టక్కుమని రవ్వ వచ్చింది.

అందరం కేకలు వేశాం. ప్లగ్ బిగించి కొట్టాం. అయినా స్టార్ట్ కాలేదు.

నేనైతే అక్కడే మెకానిక్ మాట నిజమనుకునేవాణ్ణి. మావయ్య మాత్రం గాజుసీసా అడిగాడు. పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కి పంపే కార్బొరేటర్ అడుగున ఉన్న చిన్న స్క్రూ వదులు చేసి, కారినదంతా సీసాలోకి పట్టాడు. కాసేపటికి సీసాలో రెండు పొరలు తేలాయి. అడుగున నీళ్ళు, పైన పెట్రోల్. "ప్లగ్గు తడిగుంది గానీ పెట్రోల్ వాసన రాలేదురా అల్లుడూ" అన్నాడు. ట్యాంకు మూత రబ్బరు ఎండిపోయి, వాన మొత్తం లోపలికి దిగింది. ట్యాంకు ఖాళీ చేసి, పొరుగింటి బండిలోంచి లీటరు పెట్రోల్ తెచ్చి పోసి, చోక్ లాగి కొడితే మూడో కిక్కుకి లేచింది. ఆ రోజు మాత్రలు తెచ్చాను. ఆ ఇంజన్‌ను ఈనాటికీ ఎవరూ దించలేదు.

రెండు లోపాలు ఒకేసారి ఉన్నాయి, దేనికదే బండిని ఆపేయగలదు. ఒకటి దొరకగానే ఆగిపోవడం వల్లే చాలామంది తప్పుదారి పడతారు. మావయ్య ముందు నిప్పు చూసి తర్వాత పెట్రోల్ ముట్టుకోవడానికి కూడా కారణం ఉంది. పెట్రోల్ కారిన చోట నిప్పురవ్వ పరీక్ష చేస్తే బండితో పాటు చెయ్యీ కాలుతుంది. మీరూ ఆ వరసలోనే చేయండి.

బోరు అనుమానం తీరాలంటే ఇంకొక చిన్న పని. తాళం ఆఫ్ చేసి, ప్లగ్ తీసిన రంధ్రం మీద బొటనవేలు గట్టిగా నొక్కి ఉంచి, ఇంకొకరిని కిక్ కొట్టమనండి. గాలి మీ వేలిని తోసేస్తే ఇంజన్‌లో పట్టు ఉన్నట్టే. అసలు తోయకపోతే అప్పుడు మెకానిక్ మాట విందాం. బ్యాటరీ కొనమంటే కూడా తొందరపడకండి. ఆ పాత స్ప్లెండర్లకు నిప్పు ఇంజన్‌తో పాటు తిరిగే మాగ్నెట్ నుంచి వస్తుంది. బ్యాటరీ చచ్చినా కిక్కుకి స్టార్ట్ కావాలి.

ఎనిమిది నెలల పెట్రోల్ గురించి నాకు చాలా కోపం ఉంది. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసినది వస్తోంది. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. పాత బళ్ళ రబ్బరు పైపులు దానికోసం చేసినవి కావు. ఆ పెట్రోల్‌ను ట్యాంకులో వదిలేసి పిల్లల దగ్గరికి హైదరాబాద్ వెళ్ళిపోతాం. వచ్చేసరికి కార్బొరేటర్‌లోని సన్నటి జెట్టు, అంటే పెట్రోల్ వచ్చే చిన్న రంధ్రం ఉన్న ఇత్తడి ముక్క, జిగురు పట్టి మూసుకుపోతుంది. మీ బండికి అదే జరిగి ఉంటుందని నా గట్టి నమ్మకం. పాత పెట్రోల్ మొత్తం తీసేయండి. స్లో జెట్టు (బండి నిలబడి ఉన్నప్పుడు పెట్రోల్ ఇచ్చేది) విప్పించి, గాలి కొట్టించి, వెలుతురుకి పట్టి చూడండి. అవతలి వైపు కనబడాలి. సూది పెట్టి పొడవనివ్వకండి, రంధ్రం పెద్దదైతే మళ్ళీ జెట్టు కొనాలి.

2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 అనే పొగ నిబంధనలు వచ్చాక కొత్త బళ్ళలో కార్బొరేటర్లు దాదాపు పోయాయి. కొత్తగా పని నేర్చుకునే కుర్రాళ్ళకు జెట్టు చూపించేవాడు లేడు. తప్పు వాళ్ళది కాదు. కానీ తెలియనప్పుడు తెలియదు అనాలి, బోరు పోయింది అనకూడదు. నరసన్నపేటలోనో, విజయనగరంలోనో నలభై దాటిన మెకానిక్‌ను వెతకండి, ఇంకా ఉన్నారు.

రేపు పొద్దున్న ప్లగ్ విప్పి, తడిగా ఉందో పొడిగా ఉందో, తడి అయితే వేళ్ళ మధ్య రుద్దినప్పుడు వెంటనే ఆరిందో లేదో రాయండి. పెట్రోల్ అయితే వెంటనే ఆరిపోతుంది, నీళ్ళు ఆరవు. అది తెలిస్తే తర్వాత ఏది విప్పాలో చెబుతాను.