జర్మనీలో తొలి రోజులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అక్టోబరులో మాగ్డెబర్గ్‌లో ఎం.ఎస్. మొదలవుతుంది. వీసా కోసం బ్లాక్డ్ అకౌంటులో (నెలనెలా కొంతే వదిలే ఖాతా) ఏడాది డబ్బు వేసేశాం. దిగగానే వాడుకోవచ్చా? ఇల్లు దొరికేదాకా సీనియర్ అన్నయ్య అడ్రస్ ఇస్తే సరిపోతుందా?
– ఒక విద్యార్థి, నరసరావుపేట

జవాబు: దిగగానే రాదు. మీరు వేసిన 11,904 యూరోలను నెలకు 992 చొప్పున, మీ పేరిట ఉన్న మామూలు బ్యాంకు ఖాతాలోకి వదులుతారు. ఆ ఖాతా తెరవడానికి చాలా బ్యాంకులు నివాసం నమోదు చేయించుకున్న కాగితం అడుగుతాయి. ఆ నమోదే ఆన్‌మెల్డుంగ్. దానికి పాస్‌పోర్టు, నింపిన ఫారంతో పాటు, మీరు ఫలానా తేదీన ఇంట్లో దిగారని యజమాని సంతకం చేసిన పత్రం ఉండాలి. అద్దె ఒప్పందం చూపిస్తే చాలదు. అంటే ఇంటి పత్రం ఆలస్యమైతే మీ డబ్బే మీకు అందదు. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందనుకుని సిద్ధపడండి.

గది మాట్లాడుకునేటప్పుడే "ఆన్‌మెల్డుంగ్‌కు పత్రం ఇస్తారా?" అని రాతపూర్వకంగా అడగండి. కొద్ది రోజులకు ఇచ్చే గదుల యజమానులు చాలామంది ఇవ్వరు. ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా నమోదు చేయించుకోవాలని చట్టం. పెద్ద నగరాల్లో ఆ గడువులో అపాయింట్‌మెంట్ దొరకడం కష్టం. కాబట్టి విమానం ఎక్కకముందే స్లాట్ బుక్ చేసి, ఆ మెయిల్ దాచుకోండి.

అన్నయ్య ఇంట్లో నిజంగా ఉంటూ, ఆయన యజమాని ఒప్పుకుంటే తప్పులేదు. ఉండకుండా అడ్రస్ మాత్రం వాడుకుంటే అది చట్టవిరుద్ధం. అలా అడ్రస్ ఇచ్చినవారికి 50,000 యూరోల వరకు జరిమానా వేయవచ్చు. సాయం చేయబోయిన అన్నయ్యను ఇరకాటంలో పెట్టొద్దు.

చేతి ఖర్చు సంగతి. అద్దె 350 అనుకుంటే, అడ్వాన్స్ తొలి వాయిదా, ఇన్సూరెన్స్ సుమారు 150, తిండి, దుప్పట్లు, గిన్నెలు కలిపి 1,500 యూరోలు ఫారెక్స్ కార్డులో ఉంచుకోండి. నోట్ల రూపంలో రెండు మూడు వందలు చాలు. అడ్వాన్స్ మూడు నెలల అద్దెకు మించకూడదు, అదీ కరెంటు, హీటింగ్ కలపని అద్దె లెక్కన. దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది. గది చూపించకుండా, తాను వేరే దేశంలో ఉన్నానంటూ ముందే డబ్బు పంపమనేవాణ్ని నమ్మకండి.

ప్రశ్న: నమోదై నెల దాటింది. ట్యాక్స్ నంబరు రాలేదు, ఇన్సూరెన్స్ కార్డూ రాలేదు. పక్క గది అమ్మాయికి అన్నీ వచ్చాయి.
– ఒక విద్యార్థిని, కెమ్నిట్జ్

జవాబు: కిందికి దిగి పోస్టు డబ్బా మీద ఎవరి పేరుందో చూడండి. ఇక్కడి అడ్రసుల్లో సాధారణంగా ఫ్లాట్ నంబరు ఉండదు. పోస్ట్‌మ్యాన్‌కు ఆనవాలు డబ్బా మీది పేరే. అది లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది, మీకు తెలియను కూడా తెలియదు. మనవాళ్లకు ఇంకో చిక్కు: ఉత్తరం పాస్‌పోర్టులోని ఇంటిపేరుతో వస్తుంది, డబ్బా మీద మాత్రం "స్వాతి" అని ఉంటుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఎలా ఉంటే అలాగే, పెద్ద అక్షరాల్లో, డబ్బా మీదా కాలింగ్ బెల్ మీదా అంటించండి. తర్వాత ట్యాక్స్ నంబరును మళ్లీ పంపమని ఫెడరల్ ట్యాక్స్ ఆఫీసు వెబ్‌సైటులో కోరండి. దాన్ని పోస్టులోనే పంపుతారు, ఫోనులో చెప్పరు. కార్డు కోసం ఇన్సూరెన్స్ వాళ్లకు ఒక మెయిల్ చాలు.

పసుపు కవరు (కోర్టు, ప్రభుత్వ కార్యాలయాల అధికారిక ఉత్తరం) వస్తే మాత్రం ఆ రోజే విప్పండి. డబ్బాలో వేసిన తేదీ నుంచే గడువు లెక్క. ఆ తేదీ కవరు మీదే రాసి ఉంటుంది, కాబట్టి కవరు పారేయకండి.

ప్రశ్న: మా అబ్బాయికి ఆవకాయ, నెయ్యి, కోడి పచ్చడి, కుక్కర్ సర్దుతున్నాను. ఆపేస్తారా?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: ఆవకాయ, గోంగూర, కందిపొడి, కారప్పొడి పంపండమ్మా. కోడి పచ్చడి, నెయ్యి, పాలకోవా వద్దు. మాంసం, పాల పదార్థాలను ఐరోపా సమాఖ్యలోకి ప్రయాణికులు తేకూడదు, కస్టమ్స్ వాళ్లు చూస్తే తీసేసుకుంటారు. నెయ్యి అక్కడ వెన్న కొని కాచుకోవచ్చు. పచ్చడి డబ్బాలో నూనె అంచుదాకా పోయకుండా, రెండు కవర్లలో చుట్టి చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టండి.

కుక్కర్ మూడు లీటర్లది, ఇండక్షన్ అడుగుతో ఉన్నది కొనండి. గ్యాస్ పొయ్యి ఉన్న హాస్టళ్లు తక్కువ. గాజు పలక పొయ్యి అయినా ఇండక్షన్ అయినా అది పనిచేస్తుంది. రెండు గాస్కెట్లు అదనంగా వేయండి, అక్కడ మన సైజువి దొరకడం కష్టం. కరెంటు మనలాగే 230 వోల్టులు, కానీ మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్లో దూరదు. అడాప్టర్ ఫోను, ల్యాప్‌టాప్‌కు చాలు. మిక్సీ, ఇస్త్రీ పెట్టె లాంటివి దానికి తగిలించొద్దని చెప్పండి.

తాలింపు వేసేటప్పుడు వంటగది తలుపు మూసి, కిటికీ తెరవాలి. పొగ వరండాలోకి పోతే అలారం మోగుతుంది. ఫైరింజన్ వస్తే ఆ బిల్లు అబ్బాయి చేతికే రావచ్చు.

ఇంకొకటి. ఆదివారం దుకాణాలు మూతే, అక్టోబరు 3 జాతీయ సెలవు. 2026లో అది శనివారం పడింది, అంటే వరసగా రెండు రోజులు. ఆ వారాంతంలో దిగేటట్టయితే అటుకులు, రెండు పూటలకు సరిపడా బియ్యం, పప్పు పెట్టెలో పైనే ఉంచండి. తప్పనిసరైతే పెద్ద రైల్వే స్టేషన్లలోని దుకాణాలు తెరిచి ఉంటాయి.

ప్రశ్న: టీవీ లేదు, రేడియో లేదు. నెలకు 18.36 యూరోలు కట్టమని ఉత్తరం వచ్చింది. మోసమా?
– ఒక విద్యార్థి, జీగెన్

జవాబు: కాదు. అది ప్రసార రుసుము, టీవీ లేకపోయినా కట్టాలి. అయితే లెక్క మనిషికి కాదు, ఇంటికి. మీ ఫ్లాట్‌లో ఇప్పటికే ఎవరైనా కడుతుంటే వారి రుసుము ఖాతా నంబరు రాసి జవాబు పంపండి, మీ పేరిట రద్దవుతుంది. తర్వాత ఆ సొమ్ము నలుగురూ పంచుకోండి.