రేటు సరే, అందులో ఏమేమున్నాయి?

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

ఇల్లు కట్టడానికి మేస్త్రి చదరపు అడుగుకు చెప్పిన రేటు రాశావు. అది ఎక్కువో తక్కువో ఇప్పుడే చెప్పలేను. కొలత స్లాబు ఏరియాకా (బయటికొచ్చిన అంచులతో సహా పైకప్పు కొలత), ప్లింత్ ఏరియాకా (గోడలతో సహా నేల మట్టం కొలత)? సన్‌షేడ్లు, మెట్లు, పారపెట్ గోడ, సంపు, సెప్టిక్ ట్యాంకు అందులోవేనా, విడిగానా? ముందు ఇది తేల్చుకో.

లేబర్ కాంట్రాక్టులో సరుకంతా నీదే. సెంట్రింగ్ సామాను (స్లాబు పోసేటప్పుడు కింద నిలబెట్టే రేకులు, కర్రలు), పరంజా, కాంక్రీటు కలిపే మిల్లరు, దాన్ని కుదించే వైబ్రేటరు మామూలుగా మేస్త్రే తెచ్చుకుంటాడు, అయినా రాయించు. రాడ్లు కట్టే బైండింగ్ వైరు, మేకులు, రాడ్ల కింద పెట్టే కవర్ బ్లాకులు, సెంట్రింగ్ రేకులకు పూసే ఆయిలు, ఇసుక జల్లించే కూలి, ఇటుక పైకి మోసే కూలి, బేస్‌మెంటులో (పునాది గోడల మధ్య) మట్టి నింపడం, క్యూరింగ్ (నీళ్లతో తడపడం)... కాగితం మీద లేనివన్నీ చివరికి నీ నెత్తినే పడతాయి.

ఈ పద్ధతిలో పెద్ద నష్టం వృథా. సిమెంటు నీది కాబట్టి పొదుపు చేస్తే మేస్త్రికి ఒరిగేదేమీ లేదు. అందుకే స్లాబుకు ముందే లెక్క కట్టుకో. 1000 చదరపు అడుగులు, 5 అంగుళాల మందం అంటే 417 ఘనపుటడుగులు, దాదాపు 11.8 క్యూబిక్ మీటర్లు. సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లకు క్యూబిక్ మీటరుకు 8 బస్తాల సిమెంటు చొప్పున 95 దగ్గర ఆగాలి. బీములకు విడిగా లెక్క. 115 అయ్యాయంటే సెంట్రింగ్ లెవెల్ తప్పి మందం పెరిగి ఉండాలి, లేదా రేకుల సందుల్లోంచి సిమెంటు పాలు కారిపోయి ఉండాలి. ఇనుముకైతే రాడ్డు ఎం.ఎం.ను వర్గం చేసి 162తో భాగిస్తే మీటరు బరువొస్తుంది. 12 ఎం.ఎం. రాడ్డు 12 మీటర్లకు 10.67 కిలోలు. తుక్కు మాత్రం నీదేనని రాయించు. తుక్కు తనదైతే ముక్కలు ఎక్కువవుతాయి మరి!

మెటీరియల్‌తో ఇస్తే వృథా, ధర పెరుగుదల అతని మీదకు పోతాయి. కానీ సరుకు తగ్గించాలన్న ఆశ కూడా అతనికే పుడుతుంది. సిమెంటు బ్రాండు, ఇనుము గ్రేడు, వైర్ల సైజు పేరుపేరునా ఉండాలి. టైల్స్‌కు "అడుగు ఇంతలోపు" అని అంకె వేయించు. "సిమెంటు, ఇనుము ధర పెరిగితే తేడా ఓనరు ఇవ్వాలి" అన్న ముక్క ఎక్కడో చివర్లో ఉంటుంది. దాన్ని కొట్టేయించు. ఒప్పుకోకపోతే, తగ్గినప్పుడు నీకు రావాలని కూడా చేర్చు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న కాంట్రాక్టరైతే మెటీరియల్‌తో ఇచ్చే ఈ కాంట్రాక్టు మీద 18 శాతం జీఎస్టీ వేస్తాడు. రేటులో కలిసే ఉందా అని అడుగు. సొంతానికి విడిగా కట్టుకునే ఒక్క ఇంటికి, లేబర్ మాత్రమే అయితే, జీఎస్టీ మినహాయింపు ఉంది.

అయిన ఖర్చు మీద పర్సెంటేజీ ఇచ్చే పద్ధతి జోలికి పోకు. బిల్లు పెరిగేకొద్దీ అతనికి లాభం. తప్పదంటే ఫీజు మొత్తంగా మాట్లాడుకో.

ఏ కాంట్రాక్టయినా గోడ వంకరొచ్చి పగలగొడితే కూలితో పాటు పోయిన సరుకు ఖర్చూ అతనిదే అని ఉండాలి. లేబర్ కాంట్రాక్టుల్లో ఎక్కువ మంది మరిచిపోయేది ఇదే. నువ్వు కిటికీ చోటు మారిస్తే ఆ ఖర్చు నీది. పని మొదలెట్టకముందే రేటు రాసుకోండి. కూలీల ప్రమాద బీమా ఎవరు కట్టాలో కూడా రాయాలి. చివరి బిల్లులో 5 శాతం ఒక వానాకాలం గడిచేదాకా ఆపుకో.

అగ్రిమెంటు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపు. అందాకా అడ్వాన్సు చేతికివ్వకు.

మీ మామయ్య