జీన్ థెరపీ అని బోర్డు పెట్టగానే సీటు కొనేయకండి

ప్రశ్న: మా అమ్మాయికి నీట్‌లో సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు. వైరస్‌లతో ఒంట్లోకి జన్యువులు పంపి జబ్బులు నయం చేసే చదువు చదువుతానంటోంది. ఒక ప్రైవేట్ యూనివర్సిటీ జీన్ థెరపీ స్పెషలైజేషన్‌తో బీటెక్ ఇస్తోంది. అది మంచిదా, బీఎస్సీ చాలా? మా ఆవిడ మాత్రం లాంగ్ టర్మ్ పెట్టిద్దామంటోంది.
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీరు అడిగింది కోర్సు గురించే. లోపలి బెంగ మాత్రం 'డాక్టర్ కాకపోతే చుట్టాలకు ఏం చెప్పాలి' అన్నది. ఆ సంజాయిషీ ఏదో మీరే ఇచ్చుకోండి, పిల్ల నెత్తిన పెట్టకండి. తనకు ఇష్టం లేకుండా లాంగ్ టర్మ్ వద్దే వద్దు.

అమ్మాయి చెప్పేది గాలి కబురేం కాదు. కోవిషీల్డ్ చేసింది కూడా, జన్యువును మోసేలా మార్చిన చింపాంజీ అడినోవైరస్‌తోనే. వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో ఐదుగురు హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) రోగులకు, జన్యువును మోసే లెంటీవైరస్ సాయంతో చేసిన చికిత్స ఫలితాలు 2024లో వచ్చాయి. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ వాళ్ల క్యాన్సర్ చికిత్స నెక్స్‌కార్19కి 2023లో అనుమతి దొరికింది. అందులోనూ రోగితో పోరాడే టీ కణాల్లోకి (ఒంటి రక్షణ కణాలు) జన్యువును చేర్చేది లెంటీవైరసే.

నా అనుమానం వేరే చోట ఉంది. గ్లైబెరా అనే జీన్ థెరపీ మందుకు 2012లో యూరప్‌లో అనుమతి వచ్చింది. వాడేవాళ్లే కరువై 2017లో మూతపడింది. కంటిచూపు కోసం ఇచ్చే లక్స్‌టర్నా ధర రెండు కళ్లకూ కలిపి 8.5 లక్షల డాలర్లు. ఫైజర్ తన హీమోఫీలియా జీన్ థెరపీని 2025లో వదిలేసుకుంది. మందు పనిచేసినా బేరం కుదరలేదన్నమాట. ఉద్యోగాలు ఉండేది బేరం కుదిరిన చోటే. హైదరాబాద్ దగ్గర బయోటెక్ కంపెనీలుండే మన జీనోమ్ వ్యాలీలో ఇప్పటికీ పెద్ద పీట వ్యాక్సిన్లదే. ఇవేవీ కాలేజీ బ్రోచర్‌లో రాయరు లెండి.

ఇంతకీ ఆ ల్యాబుల్లో పనేమిటంటారా? కణాలు పెంచాలి, వాటిలో ప్లాస్మిడ్‌లు (జన్యువును మోసే చిన్న డీఎన్‌ఏ చుట్టలు) వేయాలి, తయారైన వైరస్‌ను శుద్ధి చేయాలి, జన్యువు ఎక్కని ఖాళీ తొడుగులు ఎన్ని మిగిలాయో తేల్చాలి. ఓపిక కావాలి. ఆ ఓపిక ఉన్న పిల్లకు వ్యాక్సిన్ కంపెనీలోనూ చోటుంటుంది, కాబట్టి మరీ బెంగపడకండి.

బీటెక్కా బీఎస్సీనా అన్నది రెండో మాట. ఏది చేసినా ఈ రంగంలో ఎమ్మెస్సీ, ఎంటెక్ దాకా, పరిశోధన కావాలంటే పీహెచ్‌డీ దాకా వెళ్లాల్సిందే. ఇప్పుడే అప్పు చేసి లక్షలు పోయకుండా మంచి ల్యాబ్ ఉన్న బీఎస్సీలో చేర్చి, మిగిలిన డబ్బు పీజీకి దాచండి. ఆ ప్రైవేట్ యూనివర్సిటీయే కావాలనుకుంటే, ఫీజు కట్టకముందు అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లండి. సెల్ కల్చర్ గది తాళం తీయించి, అక్కడ వారానికి ఎన్ని గంటలు పనిచేయనిస్తారో ఫైనలియర్ పిల్లల్నే అడగమనండి. మీరు బయట నిలబడండి.