జీతం పెరిగిన నెలలోనే ఈఎస్ఐ ఆగిపోతుందా?

ప్రశ్న: పాశమైలారంలోని ఒక ఫ్యాక్టరీలో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. మే వరకు నా జీతం 20,500 రూపాయలు. జూన్‌ నుంచి 22,000 చేశారు. పరిమితి దాటింది కాబట్టి ఇక ఈఎస్ఐ వర్తించదని చెప్పి, జూన్‌ జీతంలో కటింగ్‌ ఆపేశారు. నా భార్యకు ఈఎస్ఐ ద్వారానే డయాలసిస్‌ జరుగుతోంది. ఇప్పుడు మా పరిస్థితి ఏమిటి?
– పాఠకుడు, పటాన్‌చెరు

జవాబు: జూన్‌లో కటింగ్‌ ఆపడం నిబంధనలకు విరుద్ధం. ఈ విషయంలో మీరు ఆలస్యం చేయవద్దు. ఈఎస్ఐకి నెలకు 21,000 రూపాయల వేతన పరిమితి 2017 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న మాట నిజమే (దివ్యాంగులకు ఇది 25,000). అయితే ఈఎస్ఐ చందా లెక్క నెలలవారీగా కాక ఆరు నెలల వ్యవధులుగా నడుస్తుంది. ఏప్రిల్‌ నుంచి సెప్టెంబరు దాకా ఒకటి, అక్టోబరు నుంచి మార్చి దాకా రెండోది. వ్యవధి మొదలయ్యే నాటికి పరిమితి లోపల ఉన్న ఉద్యోగి, మధ్యలో జీతం ఎంత పెరిగినా ఆ వ్యవధి ముగిసేదాకా ఈఎస్ఐలోనే కొనసాగుతారు. కాబట్టి సెప్టెంబరు 30 వరకు మీకు కటింగ్‌ జరగాల్సిందే. అది కూడా 21,000 మీద కాదు, పెరిగిన 22,000 మీదే. 0.75 శాతం చొప్పున మీ వాటా 165 రూపాయలు, 3.25 శాతం చొప్పున యాజమాన్యం వాటా 715 రూపాయలు అవుతుంది.

ఈ కొద్దిపాటి మొత్తం మీ ఇంటికి ఎందుకంత ముఖ్యమో చూడండి. ఏప్రిల్‌–సెప్టెంబరు చందాకు ప్రతిఫలంగా వైద్యం, నగదు ప్రయోజనాలు అందేది మరుసటి ఏడాది జనవరి నుంచి జూన్‌ వరకు. అందుకు ఆ ఆరు నెలల్లో కనీసం 78 రోజులకు చందా ఉండాలి. యాజమాన్యం లెక్క ప్రకారం మీకు మిగిలేది ఏప్రిల్‌, మే నెలలే. వాటిలో సెలవులతో కలిపి లెక్కించినా 61 రోజులకు మించవు. అంటే జూన్‌లో కటింగ్‌ ఆపడం వల్ల వచ్చే జనవరి నుంచి జూన్‌ వరకు మీ భార్య చికిత్స ప్రమాదంలో పడుతుంది. అదే సెప్టెంబరు దాకా కడితే, ఆ ఆరు నెలలూ మీ కుటుంబానికి వైద్యం హక్కుగా అందుతుంది.

ముందుగా జూన్‌ పే స్లిప్పు, జీతం పెంచిన ఉత్తరం దగ్గర పెట్టుకుని హెచ్‌ఆర్‌ విభాగానికి రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి. ఒక ప్రతి మీద వారి సంతకం, తేదీ తీసుకోండి. ఏ నెల చందా మరుసటి నెల 15లోగా జమ కావాలి. మీ ఐపీ నంబరుతో (ఈఎస్ఐలో మీకిచ్చిన గుర్తింపు సంఖ్య) ఈఎస్ఐ వెబ్‌సైటులోకి వెళితే ఏ నెలకు ఎన్ని రోజులు నమోదయ్యాయో మీకే కనిపిస్తుంది. వారు స్పందించకపోతే అవే కాగితాలతో మీ ఈఎస్ఐ బ్రాంచి కార్యాలయంలో ఫిర్యాదు చేయండి. మీ వాటా కోయకపోయినా రెండు వాటాలూ కట్టే బాధ్యత యాజమాన్యానిదే. ఆ బకాయిని తర్వాతి నెలల జీతంలోంచి రాబట్టుకునే అధికారం వారికి లేదు.

అక్టోబరు 1 నాటికి మీ జీతం 22,000గానే ఉంటుంది కాబట్టి అప్పుడు మాత్రం మీరు ఈఎస్ఐ నుంచి బయటికి వస్తారు. ఆ తర్వాత ఆరోగ్యశ్రీకి వెళదామన్నా దానికి ఆహార భద్రత కార్డు (తెల్లకార్డు) ఉండాలి. తెలంగాణలో ఈ కార్డుకు వార్షికాదాయ పరిమితి గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. మీ ఆదాయం 2,64,000 అవుతోంది. నెలకు 1,500 పెరిగినందుకు, తెల్లకార్డుకు ముందే అర్హత లేని ఒక కుటుంబం ఈఎస్ఐకి కూడా కాకుండా పోవడం అన్యాయమని నా అభిప్రాయం. వేతన పరిమితిని ఎప్పటికప్పుడు సవరించకపోవడం వల్లే ఇలాంటి పరిస్థితి వస్తోంది. వచ్చే జూన్‌ దాకా ఉన్న సమయంలో, కుటుంబ సభ్యులకూ వర్తించే గ్రూపు ఆరోగ్య బీమా కోసం తోటి కార్మికులతో కలిసి యాజమాన్యాన్ని అడగండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు అది మొదటి రోజు నుంచే వర్తించాలని పట్టుబట్టండి, ఎందుకంటే విడిగా పాలసీ తీసుకుంటే అలాంటి జబ్బులకు మూడేళ్ల దాకా నిరీక్షణ వ్యవధి ఉండవచ్చు. మీకు దగ్గరలోని ప్రభుత్వాసుపత్రి డయాలసిస్‌ కేంద్రంలోనూ ఇప్పుడే విచారించి పెట్టుకోండి.

ప్రశ్న: విశాఖ దగ్గర దుస్తుల తయారీ యూనిట్‌లో మూడేళ్లుగా పనిచేస్తున్నాను. నాకు ఈఎస్ఐ ఉంది. ఫిబ్రవరిలో తొలి కాన్పు. ఆగస్టులో జ్వరంతో నెల రోజులు పనికి వెళ్లలేదు. దానివల్ల ప్రసూతి డబ్బు రాకుండా పోతుందా?
– పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: పోదు. మీ కాన్పుకు ముందు లెక్కలోకి వచ్చే రెండు చందా వ్యవధుల్లో, అంటే ఈ ఏప్రిల్‌–సెప్టెంబరు, దానికి ముందరి అక్టోబరు–మార్చిలలో, కలిపి 70 రోజుల చందా ఉంటే చాలు. తొలి కాన్పు కనుక మీకు 26 వారాల పాటు సగటు దినవేతనం పూర్తిగా అందుతుంది. అందులో 8 వారాల వరకు కాన్పుకు ముందే తీసుకోవచ్చు. ఈ డబ్బు ఇచ్చేది కంపెనీ కాదు, ఈఎస్ఐ. నేరుగా మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. డిస్పెన్సరీలో గర్భధారణ ధ్రువపత్రం తీసుకుని బ్రాంచిలో క్లెయిము ఇవ్వండి. ఈ కాలంలో మిమ్మల్ని ఉద్యోగం నుంచి తొలగించడానికి వీల్లేదు. ఇక ఆగస్టు జ్వరానికి, ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్‌ ఇచ్చి ఉంటే వేతనంలో 70 శాతం అనారోగ్య భత్యం కూడా మీకు రావాలి. దాన్ని వదులుకోకండి.

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు, అమ్మగారికి 70 ఏళ్లు. నా ఈఎస్ఐలో వారి పేర్లున్నాయి. ఆయుష్మాన్‌ వయో వందన కార్డు కూడా తీసుకోవచ్చా?
– పాఠకుడు, గుంటూరు

జవాబు: తీసుకోవచ్చు. 2024 అక్టోబరు 29న మొదలైన ఈ కేంద్ర ఉచిత వైద్య పథకంలో 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో సంబంధం లేదు. ఈఎస్ఐ ఉన్నా, ప్రైవేటు బీమా ఉన్నా అర్హులే. సీజీహెచ్‌ఎస్‌ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం) వంటి ప్రభుత్వ పథకాల్లో ఉన్నవారు మాత్రం రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి. వయసుకు రుజువు ఆధార్‌ కార్డే కాబట్టి, అమ్మగారి కార్డులో పుట్టిన తేదీ సరిగా ఉందో లేదో ముందే సరిచూడండి. ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా అందే చికిత్స అమ్మానాన్నలిద్దరికీ కలిపే గానీ ఒక్కొక్కరికీ కాదు. నమోదైన ఆసుపత్రుల్లో చేరి చేయించుకునే చికిత్సకే ఇది పనికొస్తుంది. నెలనెలా వాడే బీపీ, షుగరు మందులకు మీ ఈఎస్ఐ డిస్పెన్సరీకే వెళ్లాలి. సందేహాలుంటే 14555కు ఫోన్‌ చేయండి.